గొలుసులో నా వంతు

మిషన్ల గది,
కత్తిరింపు ముక్కల మధ్య

గువ్వా,

ముందు ప్రభువు నామంలో వందనాలు, ఆ తర్వాత నా తరఫున నెత్తిన రెండు మొట్టికాయలు. ఎన్నాళ్ళకో ఒక ఉత్తరం రాశావు, అదీ ముప్పావు పేజీ. అందులో సగం మీ అత్తగారి మోకాళ్ళ నొప్పులు, మిగతా సగం వానలు. నా ఆడపడుచు ఎలా ఉందో నేను వాతావరణం చూసి తెలుసుకోవాలా?

ఈ కాలంలో ఉత్తరాలేంటని మీ అన్నయ్య రోజూ ఎగతాళి. "ఫోన్ చేస్తే ఐదు నిమిషాల పని. దానికి వదినా మరదళ్ళు స్టాంపులు అంటించుకుంటూ కూర్చుంటారు" అంటారు. అంబులెన్సు ఫోన్ల ఆఫీసులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా హెడ్‌ఫోను తగిలించుకుని ఊరందరి ఏడుపులూ వినే పిల్ల, ఇంటికొచ్చి నా గోల కూడా చెవిలో పోయించుకోవాలా అన్నాను. "అదీ నిజమే. నీ గోలకి అంబులెన్సు కూడా చాలదు" అన్నారు. ఆ నోటికి కుట్టు వేసే సూది ఇంకా తయారు కాలేదు.

స్కూళ్ళు తెరుస్తున్నారు కదా, షాపునిండా యూనిఫారాలే. నా అలవాటు నీకు తెలుసుగా, బొత్తాం దూరే ఒక్కో కాజా కుడుతూ ఆ చొక్కా వేసుకునే పిల్లాడి కోసం ఒక మాట చెప్పుకుంటాను. ప్రభువా వీడికి బుద్ధినివ్వు, ప్రభువా వీడు జేబులు చింపుకోకుండా చూడు, అలా. నిన్న ప్రార్థన ఊపులో బొత్తాల కన్నా ఒక కాజా ఎక్కువ కుట్టేశాను. వాళ్ళమ్మ వచ్చి "ఇదెందుకండీ?" అంటే ఏం చెప్పను? గాలి ఆడటానికి అన్నాను.

మీ అన్నయ్యకి ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. డాక్టరు అన్నానంటే చాలు, ముఖం పేపర్లో దూర్చేస్తారు. నువ్వు ప్రార్థించు. నీ ప్రార్థనంటే నాకు గురి.

అసలు సంగతి ఇప్పుడు అడుగుతున్నాను. ఇదివరకు నీ ఉత్తరంలో పంక్తికోసారి దేవుడి మాట వచ్చేది. ఇప్పుడు ఎక్కడ వెతికినా లేదు. ఏమైంది? నేను ఆ ఇంటికి కాపురానికి వచ్చేనాటికి నువ్వు రెండు జడల పిల్లవి. ఆ జడలు వేసిన చేతులే ఇవి. నా దగ్గర దాపరికమా?

నీ వదిన

*

ఆఫీసు క్యాంటీను,
మూల బల్ల

వదినా,

మొట్టికాయలు అందాయి. గట్టిగానే తగిలాయి.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. నాకు ప్రార్థన రావడం లేదు.

వానలు మొదలైన కొత్తలో ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. భార్య స్నానాల గది గుమ్మంలో పడిపోయింది, ఊపిరి లేదు. ఛాతీ మీద ఎలా నొక్కాలో చెప్పాను. "నేను ఉన్నాను, నాతో లెక్కపెట్టండి" అన్నాను. ఆయన లెక్కపెడుతూ, ఆయాసపడుతూ, మధ్యలో "అమ్మా, నువ్వు దేవుణ్ణి నమ్ముతావా?" అని అడిగాడు. మేము సొంత మాటలు మాట్లాడకూడదు. అయినా "నమ్ముతాను, నొక్కండి" అన్నాను. "అయితే అడుగమ్మా" అన్నాడు.

అడిగాను వదినా. పైకి లెక్క, లోపల అడగడం. నా జన్మలో దేవుణ్ణి అలా అడగలేదు. ఇంతలో బండి వచ్చింది. తలుపు చప్పుడు, ఎవరెవరివో మాటలు, ఫోన్ కట్టయిపోయింది.

అంతే. ఆవిడ బతికిందో లేదో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. తిరిగి ఫోన్ చేయకూడదు, ఆరా తీయకూడదు, అది రూలు. మంచి రూలే, లేకపోతే ఇక్కడ ఎవరం నిలబడలేం. ఆ వెంటనే ఇంకో ఫోన్ వచ్చింది, ఎవరికో కాలు విరిగిందని. అదీ ఏమైందో తెలియదు. ఇన్నేళ్ళుగా నేను ఎవరెవరి కోసమో అడుగుతూనే ఉన్నాను, ఒక్కరి సంగతీ చివరికి ఏమైందో తెలియదు. ఇన్నాళ్ళూ అది నన్ను బాధ పెట్టలేదు. ఆ పెద్దాయన అడగమన్నాక బాధ పెడుతోంది.

ఇప్పుడు కళ్ళు మూసుకుని తండ్రీ అంటాను. అవతల లైన్లో ఎవరూ లేనట్టుంటుంది. ఫోన్ చేసిన ప్రతివాళ్ళతో నేను "ఉన్నాను, చెప్పండి" అంటాను. నాతో ఎవరూ ఆ మాట అనడం లేదు. దేవుడి మీద కోపం కూడా రావడం లేదు వదినా. భయం వేస్తోంది.

ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన నేనే చేస్తాను కదా. పాత మాటలే అప్పజెబుతున్నాను, అత్తగారు ఆమేన్ అంటున్నారు. ఆదివారం బడిలో పిల్లలకి చేతులు జోడించడం నేర్పుతున్నాను. దొంగతనం చేస్తున్నట్టుంది.

ఇది మా ఆయనకి కూడా చెప్పలేదు. నీకొక్కదానికే. కడుపులో దాచుకో.

అన్నయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. నా ప్రార్థన మీద ఆధారపడకు.

గువ్వ

*

వంటింటి గట్టు

నా బంగారు గువ్వా,

నీ ఉత్తరం చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. మీ అన్నయ్య అడిగారు ఏం రాసిందని. వానలు అన్నాను.

నువ్వేమీ తప్పు చేయలేదు, ముందు అది తలకెక్కించుకో. ఒంట్లో రక్తం తక్కువైనా మనిషికి ఇలాగే ఉంటుంది, నిజం, మా షాపులో కాలర్లు కుట్టే అమ్మాయి మూడు నెలలు ఇలాగే ఉండి మాత్రలు మింగాక మామూలయ్యింది. సరిగ్గా తింటున్నావా? నీ తిండి నాకు తెలుసు, పిచ్చుక తిండి. పొద్దున్నే ఒక్క పది నిమిషాలు ముందు లే. మాటలు రాకపోతే పాట పాడు. పాట రాకపోతే ఊరికే కూర్చో. ఆయన ఎక్కడికీ పోడు.

నీ కోసం రోజూ మోకాళ్ళ మీద ఉన్నాను. నేనొక్కదాన్నే అనుకోకు, నీ వెనక పెద్ద బలగమే ఉంది, అంతకన్నా అడక్కు. దాచుకోమన్నావు, దాచుకున్నాను. పేరు పెట్టి ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ధైర్యంగా ఉండు తల్లీ.

నీ వదిన

*

మా ఇల్లు

వదినగారికి,

మీరు రాసింది నిజమే. పేరు పెట్టి ఎవరి దగ్గరా ఎత్తలేదు.

మీ పాస్టరమ్మగారూ మా పాస్టరమ్మగారూ తోడబుట్టినవాళ్ళని మీరు మర్చిపోయినట్టున్నారు. మీ శుక్రవారం ప్రార్థన కూటంలో చెప్పిన మనవి ఆదివారానికి ఇక్కడికి వచ్చింది. ఇక్కడ మాకు గొలుసు ప్రార్థన ఉంది. ఒకావిడ ఫోన్ చేసి మనవి చెబుతుంది, విన్న ఆవిడ ప్రార్థించి తర్వాతి ఆవిడకి అందిస్తుంది. నేనూ అందులో ఒక వంతు.

మంగళవారం వంట చేస్తుంటే నా ముందు వంతు పెద్దావిడ ఫోన్ చేసింది. చాలా మంచిది, లోకం తెలియదు. "అమ్మాయ్, ఒక సహోదరి కోసం భారంగా ప్రార్థించాలమ్మా. అంబులెన్సు ఫోన్లు ఎత్తే ఉద్యోగమట. దేవుడు లేడంటోందట. అత్తగారి ముందు ప్రార్థన చేస్తున్నట్టు నటిస్తోందట. పాపం వాళ్ళ వదిన కన్నీళ్ళు పెట్టుకుని అడిగిందట. పరువు పోకూడదని పేరు కూడా చెప్పలేదట. నువ్వు ప్రార్థించి తర్వాతావిడకి చెప్పమ్మా" అంది. మా సంఘంలో ఆ ఉద్యోగం చేసేది ఎవరో ఆవిడకి తట్టలేదు.

నా కోసం నన్నే ప్రార్థించమన్నారు. "సరే పెద్దమ్మా" అన్నాను. ఇంకేమనను? స్టవ్ మీద గిన్నె మాడిపోయింది.

తర్వాతి వంతు ట్యూషన్ టీచరుది. ఆవిడకి నేను ఫోన్ చేయలేదు. గొలుసు ఎక్కడ తెగిందా అని ఆవిడే వెనక్కి వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడకి వెంటనే తట్టింది.

గురువారం డ్యూటీ దిగి వచ్చేసరికి హాల్లో అయిదుగురు, ఒక ఆపిల్ పళ్ళ బుట్ట. నన్ను మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టి నెత్తిన చేతులు పెట్టారు. నాలో ఉన్న మూగ ఆత్మని గద్దించారు. ట్యూషన్ టీచరు చెయ్యి బరువు, మెడ ఇంకా తిరగడం లేదు. మా ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతూ అలాగే నిలబడిపోయారు. ఆయనకి నేను చెప్పాల్సిన మాట ఆయన వాళ్ళ నోట విన్నారు. అత్తగారు లోపలి గదిలోంచి అంతా విన్నారు.

ఆదివారం బడి నుంచి నాకు విశ్రాంతి ఇచ్చారు. పిల్లలకి ఏం కారణం చెప్పారో తెలియదు. నిన్న నా తరగతి పాప బజార్లో నన్ను చూసి వాళ్ళమ్మ వెనక్కి పోయి నిలబడింది.

దేవుడు లేడని నేను అనలేదు. మీరూ అలా చెప్పి ఉండరు, దారిలో పెరిగి ఉంటుంది. కానీ మొదలు మీ దగ్గర. మీ ఉద్దేశం మంచిదే అని మీరు రాస్తారు. రాయకండి.

ఇక మీదట నా కబుర్లంటే వానలూ, మోకాళ్ళ నొప్పులే. ఈ వారం వాన తగ్గింది. నొప్పులు తగ్గలేదు.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

మిషన్ల గది

గువ్వా,

నన్ను మీరన్నావు. నాలుగు తిట్టి ఉంటే హాయిగా ఉండేది. మీరన్నావు.

రాయొద్దన్నావు కాబట్టి ఉద్దేశం సంగతి రాయను. రాద్దామని రెండు కాగితాలు పాడు చేశాను. ఒకదాంట్లో నీ మీద ప్రేమతోనే అన్నాను, ఇంకోదాంట్లో పాస్టరమ్మ మీదికి తోశాను. రెండూ చింపేశాను.

జరిగింది ఇది. ఆ శుక్రవారం అందరూ మనవులు చెబుతున్నారు. ఒకావిడకి ఒళ్ళునొప్పులు, ఒకావిడ కొడుక్కి ఉద్యోగం. నా వంతు వచ్చింది. నా గుండెల్లో నువ్వే ఉన్నావు, నిజంగా ఏడుపొచ్చింది. చెప్పేశాను. ఉద్యోగం పేరు ఎందుకు చెప్పావు అంటావా? అది చెబితే కానీ కథ రక్తి కట్టదు కనుక. చెబుతున్నంతసేపూ గది గదంతా నా వైపే చూసింది. ఒకావిడ నా భుజం మీద చెయ్యి వేసింది. నాకది బాగుంది గువ్వా. నీ బాధ చెప్పి నేను ఓదార్పు దండుకున్నాను. ఇది నీ ఉత్తరం వచ్చాక కాజాలు కుడుతూ కుడుతూ తెలిసింది, సూది వేల్లో దిగినట్టు.

నా నోట్లో నువ్వుగింజ నానదని మీ అన్నయ్య అంటుంటే నవ్వేదాన్ని. ఈసారి నవ్వు రాలేదు.

క్షమించమని అడుగుతున్నాను. తొందర లేదు.

వదిన

*

మిషన్ల గది

గువ్వా,

నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. రావాలని రాయడం లేదు, చేసిన పని చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

మొన్న శుక్రవారం లేచి నిలబడ్డాను. "నాది కాని సంగతి తెచ్చి ఇక్కడ పరిచాను, అందులో సగం మీరు కలిపారు, సగం నేను కలిపాను, ఆ పిల్ల దేవుడు లేడనలేదు" అన్నాను. పాస్టరమ్మగారు "ప్రార్థన కోసమే కదమ్మా చెప్పావు" అన్నారు. "ప్రార్థన కోసమైతే ఆయన చెవిలో చెప్పాలి కదమ్మా, మీ అందరి చెవుల్లో ఎందుకు చెప్పాను?" అన్నాను.

 అంతే, తేనెతుట్టె కదిలింది. "అంటే మేము చాడీలు చెప్పుకోవడానికి వస్తున్నామా?" అని ఒకావిడ. "ఇక మనవులే చెప్పకూడదా?" అని ఇంకొకావిడ. ఎవరి మనవి వాళ్ళు చెప్పుకుందాం, పక్కవాళ్ళది వాళ్ళని అడిగి చెబుదాం అన్నాను. ఆ పూట ఎవరి దగ్గరా మనవుల్లేవు. పదిహేను నిమిషాల్లో కూటం అయిపోయింది. టీ కూడా ఇవ్వలేదు.

సాయంత్రం పాస్టరమ్మగారే షాపుకి వచ్చారు. వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి సరిదిద్దానన్నారు. వెళ్తూ వెళ్తూ, తన సంగతి కూడా ఒకప్పుడు ఇలాగే ఊరంతా తిరిగిందని చెప్పారు. ఏ సంగతని నేను అడగలేదు. చూడు, అడగలేదు!

వదిన

*

మా ఇల్లు

వదినగారికి,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది రెండుసార్లు చదివాను.

ఇక్కడ పాస్టరమ్మగారు వచ్చారు, బడి మళ్ళీ తీసుకోమన్నారు. ఇప్పుడే వద్దన్నాను. వాళ్ళ మీద కోపంతో కాదు. నాకు నిజంగానే రావడం లేదు కదా.

మా ఆయన చాలా రోజులు ముభావంగా ఉన్నారు. "అయిదుగురికి తెలిసింది నాకు తెలియలేదా?" అని ఒక్కసారే అన్నారు. ఆ ఒక్కసారికే నాకు మీ మీద ఇంకో నెలకి సరిపడా కోపం వచ్చింది.

అత్తగారి సంగతి చెప్పాలి. వాళ్ళొచ్చి వెళ్ళిన సాయంత్రం కుటుంబ ప్రార్థన వేళకి నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ మాత్రం "నాకెప్పుడో తెలుసే" అన్నారు. ఎలా అన్నాను. "నిజంగా ప్రార్థించే రోజుల్లో మధ్యలో ఆగిపోయేదానివి, ముక్కు చీదేదానివి, సగం మర్చిపోయేదానివి. ఈ మధ్య ఒక్కటీ మర్చిపోవడం లేదు, రేడియోలో వార్తలు చదివినట్టు చదువుతున్నావు." మరి అడగలేదేమని అన్నాను. "అడిగితే ఏం చెబుతావు? మీ మామగారు పోయాక ఏడాదిపాటు నేనూ వట్టి పెదాలే ఆడించాను. అప్పుడెవరైనా పళ్ళబుట్టతో వచ్చి నా నెత్తిన చెయ్యి పెట్టి ఉంటే ఆ చెయ్యి కొరికేదాన్ని" అన్నారు.

ఆ రోజు నుంచి సాయంత్రం ప్రార్థన ఆవిడ చేస్తున్నారు. "నువ్వు పక్కన కూర్చుని కూరగాయలు తరుగు. నీ బదులు ఆమేన్ కూడా నేనే అంటాను" అన్నారు. అలాగే చేస్తున్నాను. కూరగాయలు అయిపోతాయి కానీ ఆవిడ ప్రార్థన అవ్వదు.

ఇది మాత్రం మీరు ఎవరికైనా చెప్పుకోవచ్చు. అత్తగారిని అడిగాను, చెప్పుకోమన్నారు.

అన్నయ్య ఆయాసం ఎలా ఉంది? డాక్టరుకి చూపించారా?

మీ ఆడపడుచు

*

ఆసుపత్రి వరండా,
బెంచీ

గువ్వా,

నువ్వు రైలెక్కి ఇంకా పూట కాలేదు. ఉన్న రెండు రోజులూ మీ అన్నయ్య మంచానికి చెరోవైపు కూర్చున్నాం. మందుల వేళ తప్ప మనిద్దరి మధ్య మాట లేదు. వెళ్ళేటప్పుడు నా చేతిలో చెయ్యి పెట్టావు, నేను నోరు తెరవబోయేసరికి నర్సు వచ్చింది. ఎదురుగా చెప్పలేనిది రాస్తున్నాను.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని ఎన్నిసార్లు రాశావు! ఈ సోమవారం, వచ్చే సోమవారం అంటూ ఆయన వాయిదా, పోనీలే అని నేను. ఆ పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ పెట్టుకుంటూ కుర్చీలో పక్కకి ఒరిగిపోయారు. పిలిస్తే పలకలేదు, ఊపిరి లేదు. పట్టుకుంటే బరువుగా నా మీద పడ్డారు. ఫోన్ చేశాను.

నా సంగతి నీకు తెలుసు. నోరు తెరిస్తే గంట ప్రార్థించగలను, పాస్టరమ్మగారే ముగించమని దగ్గుతారు. ఆ పూట నా నోట్లోంచి "ప్రభువా" అన్న ఒక్క మాట రాలేదు గువ్వా. వెతుక్కున్నాను, లేదు. నువ్వు రాసింది అప్పుడు అర్థమైంది. నేను నీకు రక్తం మాత్రలు మింగమన్నాను చూడు, నా తెలివి తగలెయ్య!

అవతల ఒక అమ్మాయి. చిన్న గొంతు. "నేను ఉన్నానమ్మా, నాతో లెక్కపెట్టండి" అంది. నువ్వు రాసిన మాటే. మీ అందరికీ అదే నేర్పుతారు కాబోలు. నేను నొక్కుతున్నాను, చేతులు జారుతున్నాయి, ఆయన ముఖం చూడలేకపోతున్నాను. "నా వల్ల కాదు" అని అరిచాను. "అవుతోందమ్మా, మీరు చేస్తూనే ఉన్నారు, ఆపకండి" అంది. ఆ గొంతు తాడులా పట్టుకున్నాను. బండివాళ్ళు వచ్చి నన్ను పక్కకి లాగారు. ఫోన్ ఎక్కడ పడిందో నాకు తెలియదు.

వాళ్ళు వచ్చేదాకా నొక్కుతూ ఉండబట్టే మనిషి దక్కాడని డాక్టరు అన్నారు. నేను దేవుడికి వేయి స్తోత్రాలు చెప్పుకున్నాను, మాట తిరిగొచ్చాక. కానీ మాట లేనప్పుడు నన్ను నిలబెట్టింది ఆ పిల్ల గొంతు. నువ్వు రోజంతా చేసేది అదే. నీకు ప్రార్థన రావడం లేదని ఎవరన్నారే? నాకైతే ఆ పూట అదే ప్రార్థన.

నీ వదిన

*

బస్సులో,
డ్యూటీకి వెళ్తూ

వదినా,

రాత వంకరగా ఉంటే బస్సుని తిట్టు.

అన్నయ్య ఉప్పులేని తిండి తింటున్నాడా, నీతో పోట్లాడుతున్నాడా? పోట్లాడితే మంచిదే. నువ్వు నొక్కబట్టి నాకు అన్నయ్య ఉన్నాడు. ఈ మాట ఆ రెండు రోజుల్లోనే నీతో అనాల్సింది. నీ చేతులు చూశాను, మణికట్లు రెండూ వాచి ఉన్నాయి. నాకు అప్పుడే కోపం పోయింది. చెప్పడానికి అభిమానం అడ్డొచ్చింది.

కానీ ఒక మాట. నా ఉద్యోగానికి ప్రార్థన అని పేరు పెట్టి నన్ను ఓదార్చకు. ఉద్యోగం ఉద్యోగమే, నేర్పింది చెబుతాం, జీతం తీసుకుంటాం. నాకు కావాల్సింది ప్రార్థన. అది లేకపోతే ఆకలిగా ఉంది, ఇంకోదేదో పెట్టి ఇదీ అన్నమే అంటే ఆ ఆకలి తీరదు.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు ఒకటే గుచ్చుకుంటోంది. ఆ అమ్మాయికి అన్నయ్య బతికాడని తెలుసా? ఫోన్ ఎక్కడో పడిందన్నావు. అంటే ఆమెకి చివరగా వినిపించింది నీ అరుపే. ఆ తర్వాత ఇంకో ఫోన్ ఎత్తి ఉంటుంది. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని ఉంటుంది.

మేము మిమ్మల్ని వెతకకూడదు వదినా. మీరు మమ్మల్ని వెతకకూడదని రూలేమీ లేదు.

నీ గువ్వ

*

మిషన్ల గది

గువ్వా,

వెళ్ళాను.

ఆ అంబులెన్సు ఫోన్ల ఆఫీసు గేటు దగ్గర కాపలా అతను "కంప్లయింటా అమ్మా? ఆ కిటికీ" అన్నాడు. కాదు బాబూ, థాంక్స్ చెప్పాలి అన్నాను. పాపం అతనికి దానికి ఏ కిటికీయో తెలియలేదు. లోపలికి వెళ్ళి అడిగి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. ఆఖరికి వాళ్ళ పైఅధికారి బయటికొచ్చి, ఇలా కుదరదండీ అన్నాడు. కుదరకపోతే కూర్చుంటాను అన్నాను. సంచిలో కాజాలు కుట్టాల్సిన చొక్కాలున్నాయి, అక్కడే బెంచీ మీద కూర్చుని కుట్టడం మొదలుపెట్టాను. రెండో చొక్కాకి ఆయనే ఓడిపోయాడు. తేదీ, వేళ అడిగి వెతికించాడు.

ఆ పిల్ల వచ్చింది. హెడ్‌ఫోను మెళ్ళోనే ఉంది. నీకన్నా చిన్నది. ముఖం తెల్లగా పాలిపోయింది, ఏం తప్పు జరిగిందో అని భయం. నేను గుమ్మంలోనే "బతికారమ్మా, ఆయన బతికారు" అన్నాను. ఇంకేం మాట్లాడాలో ఇంటి దగ్గర అంతా అనుకుని వెళ్ళాను, ఒక్కటీ గుర్తుకు రాలేదు.

అలాగే మెట్టు మీద కూలబడింది. కాసేపటికి "ఇప్పుడు ఏం చేస్తున్నారండీ?" అని అడిగింది. పేపరు చదువుతూ, ఉప్పు లేదని నా మీద విసుక్కుంటున్నారు అన్నాను. "నిజంగా విసుక్కుంటున్నారా?" అని నవ్వింది, నవ్వుతూనే వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ పైఅధికారి గోడమీది గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు, మంచివాడే.

మా ఆడపడుచుది కూడా ఇదే పని, ఆమెకి నీ సంగతి రాయొచ్చా అని అడిగాను. రాయమంది. మా సంఘంలో నీ గురించి సాక్ష్యం చెప్పొచ్చా అంటే, వద్దండీ, నాకు ఇబ్బంది అంది. ఆదివారం లేచి, ఆయన బతికి బట్టకట్టారు, దేవుడికి స్తోత్రం అని కూర్చున్నాను. జనం ఇంకా ఏదో ఉందని నా నోటి వైపే చూశారు. పాస్టరమ్మగారు కూడా "అంతేనా?" అన్నారు. అంతే అన్నాను. కడుపు ఉబ్బి చచ్చాననుకో, అయినా అంతే అన్నాను.

ఆ పిల్ల నీకు ఒక మాట చెప్పమంది. వచ్చేస్తుంటే వెనక నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. "మీ ఆడపడుచుగారు ఎవరెవరి కోసం ఫోనెత్తారో వాళ్ళలో కూడా ఎంతోమంది ఇప్పుడు ఇంట్లో ఎవరి మీదో విసుక్కుంటూ ఉండి ఉంటారని చెప్పండి" అంది.

నీ వదిన

*

మా ఇల్లు,
పెరటి మెట్లు

వదినా,

నీ ఉత్తరం నిలబడి మొదలుపెట్టి కూర్చుని పూర్తిచేశాను. మా ఆయనకి చదివి వినిపించాను. ఈసారి ముందు ఆయనకే.

ఆ పెద్దాయన భార్య సంగతి నాకు ఇంకా తెలియదు. ఎప్పటికీ తెలియదు. అది మారలేదు, నువ్వు మార్చలేవు కూడా. రోజంతా చాలామంది విసుక్కుంటున్నట్టు మాత్రం ఊహించుకున్నాను. ఒకాయన చెప్పుల కోసం, ఒకావిడ మనవడి మీద. డ్యూటీలో నవ్వొచ్చింది. పక్క సీటు అమ్మాయి ఏంటని అడిగితే చెప్పాను, తనకీ నవ్వొచ్చింది. ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం.

నిన్న అత్తగారికి గొంతు బొంగురుపోయింది, మాట పెగలడం లేదు. ప్రార్థన వేళకి కూర్చున్నాం. ఆవిడ నన్ను చేయమనలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు. మా ఆయన తల వంచుకుని ఉన్నారు.  ఆఖరికి నేనే మొదలుపెట్టాను. పాత మాటలు కాదు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను, ఒకసారి బాగా ఏడ్చాను. అవతల ఎవరైనా ఉన్నట్టు ఉందా అంటే, ఉన్నట్టే ఉంది వదినా. గట్టిగా చెప్పలేను. కానీ ఉన్నట్టే ఉంది.

ఏమని అడిగానో నీకు చెప్పను. చెప్పినా నువ్వు ఎవరికీ చెప్పవని నాకు తెలుసు. అయినా చెప్పను.

నీ గువ్వ